రెండో కరివేపాకు చెట్టు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉగాదికల్లా మిద్దె నిండా పూలుండాలనీ, వాటి మీద సీతాకోకచిలుకలు వాలాలనీ రాసినావు. పూలు సులభమే. సీతాకోకలు నిలవాలంటే మాత్రం ముందే మనసు గట్టి చేసుకోవాల: ఆకులు తినే పురుగులను తిననియ్యాల. తేనె కోసం వచ్చిన సీతాకోక నాలుగు పూలు తిరిగి వెళ్ళిపోతుంది. గుడ్లు పెట్టుకునే ఆకు దొరికితే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

అందుకే పూలకన్నా ముందు కరివేపాకు సంగతి. వంటకు ఒక చెట్టు, పురుగులకు ఇంకొకటి పెట్టు. రెండోదానికి పదిహేను అంగుళాల తొట్టి కావాల. మన ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలుపు. పచ్చి పేడ వేస్తే వేళ్ళు మాడిపోతాయి. జనవరి ఆఖరులో కొమ్మల చివర్లు జానెడు కత్తిరిస్తే ఫిబ్రవరిలో లేత చిగురు వస్తుంది. సీతాకోక వెతికేది ఆ చిగురునే. ముదురాకును పిల్ల పురుగు కొరకలేదు.

మొక్కను నర్సరీలో కొంటావు కదా, అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆకులు నిగనిగలాడాలని మందు కొట్టి ఉంటారు. వేళ్ళ నుంచి ఆకుదాకా పాకే మందైతే కడిగినా పోదు, వారాల తరబడి ఉంటుంది. పురుగులు పుట్టిన రెండు రోజులకే రాలిపోతే కారణం అదే. కొన్నప్పుడు ఉన్న ఆకులన్నీ తీసేసి, కొత్త చిగురు ఒకటికి రెండుసార్లు వచ్చినాకే దాన్ని సీతాకోకలకు వదులు.

గుడ్డు గసగసమంత ఉంటుంది, లేత పసుపు రంగు, చిగురాకు మీద ఒక్కొక్కటిగా. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొస్తుంది. మొదట అచ్చం పిట్టరెట్ట మాదిరి, నలుపూ తెలుపూ. చీడ అనుకుని దులిపేస్తారు, పాపం. పెద్దదయ్యేకొద్దీ పచ్చబడుతుంది. వేలితో తాకినావంటే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. కుట్టదు, కరవదు. రెండు రెండున్నర వారాలు తిని, తినడం మానేసి, చెట్టు దిగి తిరుగుతుంది. అప్పుడు గోడ వారనో తొట్టి అంచు కిందో పట్టుదారంతో నడుముకు కట్టుకుని గూడవుతుంది. ఆ రోజుల్లో మిద్దె చీపురుతో ఊడ్చేటప్పుడు రోంత చూసుకో. ఎనిమిది పది రోజులకు గూడు నల్లబడి, లోపల రెక్కల రంగు కనిపిస్తే మరుసటి పొద్దున్నే బయటికొస్తుంది. రెక్కలు విచ్చుకుని ఆరేదాకా గంటా రెండు గంటలు వేలాడుతుంది. అప్పుడు ముట్టుకుంటే రెక్క వంకరపోయి ఇంక ఎగరలేదు. గూటికి సూది బెజ్జం కనిపిస్తే చిన్న కందిరీగ దాన్ని తినేసిందని అర్థం, మందు వెతకొద్దు.

నలుపు మీద పసుపు మచ్చలు, వెనక రెక్క అంచున ఎర్రచుక్క ఉంటే అది నిమ్మ సీతాకోక. నల్ల రెక్కకు తెల్లమచ్చల వరుస, వెనక తోక ఉండేది ఇంకొకటి. రెండూ కరివేపాకుకూ నిమ్మకూ వస్తాయి. నాలుగడుగుల చెట్టు అయిదారు పురుగులను మోస్తుంది. అంతకు మించితే చెట్టు మోడైపోతుంది. మిగతావాటిని ఆకుతో సహా నిమ్మ చెట్టు మీదికి మార్చు. నిమ్మ సీతాకోక పురుగు మారేడు ఆకు కూడా తింటుంది.

పెరటి మూల జిల్లేడు మొలిస్తే పీకొద్దు, నారింజ రెక్కల సీతాకోక దానికే వస్తుంది. పాలు కంట్లో పడకుండా మాత్రం జాగ్రత్త. నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్ళు ఉండే అందగత్తెకు ఈశ్వరి తీగ కావాల. దాన్ని శేషాచలం అడవిలో తవ్వి తేవొద్దు, అది నేరం. మొక్కలు పెంచేవాళ్ళ దగ్గర అడుగు.

ఇంక పూలు. సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపే జినియా గింజలు చల్లు, ఎనిమిది వారాలకు పూస్తుంది, ఉగాదికి సరిపోతుంది. గింజ అర సెంటీమీటరు లోతు చాలు. మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం ఉంచు. జానెడు ఎత్తు రాగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. పక్కన పొగడబంతి, అది మన ఎండకు బెదరదు. నూరువరహాలు, పెంటాస్ మొక్కలుగానే కొను. బంతిలో రేకబంతి పెట్టు. ముద్దబంతిలో రేకులు కిక్కిరిసి ఉండి తేనె అందదు. లాంటానా మాత్రం వద్దు, అది ఇప్పటికే అడవుల్ని కమ్మేస్తోంది. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పూలు తగ్గుతాయి, పేనుబంక పడుతుంది. పదిహేను రోజులకొకసారి తొట్టికి గుప్పెడు వానపాముల ఎరువు చాలు.

నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లో పొయ్యి. సాయంత్రం ఆకుల మీద చల్లితే జినియాకు బూడిద తెగులు వస్తుంది. మార్చి తరువాత మిద్దె కాలి తొట్టి అడుగున వేళ్ళు ఉడికిపోతాయి, ఇటుకలు పెట్టి ఎత్తు. పేనుబంకకు నీళ్ళ ధారే మందు. వేపనూనె కూడా కొట్టొద్దు, అది సీతాకోక పురుగునూ చంపుతుంది.

ఒక మాట గట్టిగానే చెప్తా. తెల్లారకముందే పూజకని పూలన్నీ కోసేస్తే, ఎండెక్కినాక వచ్చే సీతాకోకకు ఏం మిగులుతుంది? వాటికి ఒంట్లో వేడి పుడితేగానీ ఎగరలేవు. ఎనిమిది నుంచి పదకొండు దాకా బాగా తిరుగుతాయి. పూజకు వేరే వరుస పెట్టుకో. కొండ మీద పూలన్నీ స్వామివేనని తిరుమలలో మనం తలలో పూలు పెట్టుకోము కదా, అట్లే ఈ వరుస వాటిదనుకో.

తూర్పు ఎండ పడేచోట బల్లపరుపు రాయి ఒకటి పెట్టు, రెక్కలు చాచి కాచుకుంటాయి. వెడల్పు మట్టిపళ్ళెంలో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు, గుప్పెడు మాగిన పేడ కలిపి ఎప్పుడూ తడిగా ఉంచు. ఉప్పు కోసం మగవి ఎక్కువగా వాలుతాయి. నీళ్ళు నిలవ ఉంచితే దోమలు పుడతాయి, తడి మాత్రమే ఉండాల.

మన వైపు సీతాకోకలు బాగా కనిపించేది అక్టోబరు వానల తరువాత. ఎండలు ముదిరేకొద్దీ తగ్గుతాయి. ఏప్రిల్లో రెండే వచ్చినాయని తొట్లు తీసెయ్యొద్దు. నూరువరహాలకూ కరివేపాకుకూ నీళ్ళు తప్పించకు, వానలు పడినాక అవే మళ్ళీ పిలుస్తాయి.

ఈ వారంలోనే తొట్టి తెచ్చి మట్టి కలిపిపెట్టు. మొదటి గుడ్డు కనిపించిన రోజు నాకు రాయి.

మీ పెద్దమ్మ