పిల్లికి మూడు జబ్బులు, నాలుగోది మీ కార్డుకు

ప్రశ్న: మా పిల్లికి పదమూడేళ్ళు. కిడ్నీ జబ్బు మూడో దశలో ఉంది. థైరాయిడ్ ఎక్కువ, బీపీ ఎక్కువ. నా జీతం నూరు రూపాయలనుకుంటే ఇంటి ఖర్చులకు 60, పొదుపుకు 10, పిల్లికి సగటున 22 పోతున్నాయి. మిగతా 8 ఎటు పోతాయో తెలియదు. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చినప్పుడు కార్డు గీకాను. అంతకుముందున్న బాకీతో కలిపి అది ఇప్పుడు నెలన్నర జీతమంత అయింది, నెలకు 3 శాతం వడ్డీ. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ వైద్యం (రేడియోధార్మిక అయోడిన్‌తో గ్రంథిని అదుపు చేసేది) చేయిస్తే రోజూ మాత్రల గోల ఉండదంటున్నారు. దానికి రెండు నెలల జీతం కావాలి. నా దగ్గర ఉన్నదల్లా మూడు నెలల జీతమంత డిపాజిట్. దాన్ని తీసి చేయించమంటారా? ఇంట్లోవాళ్ళు పిల్లికి ఇంత ఖర్చేమిటని అంటున్నారు.

జవాబు: డిపాజిట్ తీయండి. అయితే అయోడిన్ వైద్యం కోసం కాదు, కార్డు కోసం.

ఇంట్లోవాళ్ళ మాట ముందు తేల్చేద్దాం. జీతంలో 22 శాతం పిల్లికి పెట్టడం ఎక్కువే, కానీ అది మీ డబ్బు, మీ పిల్లి. ఆ విషయంలో నేను తీర్పు చెప్పను. నాకు టెన్షన్ పెట్టింది వేరే. మీరు పంపిన ఖర్చుల పట్టికలో వడ్డీ లేదు. 150 రూపాయల బాకీ మీద నెలకు 3 శాతం అంటే నాలుగున్నర రూపాయలు. థైరాయిడ్ మాత్రలకు, దాని పరీక్షలకు మీరు పెడుతున్నది 5. అంటే మందూ మాకూ లేని నాలుగో జబ్బుకు కూడా మీరు దాదాపు అంతే ఖర్చు పెడుతున్నారు. ఎటు పోతుందో తెలియదన్న ఆ 8లో సగానికి పైగా ఇదే. నెలకు 3 అంటే ఏడాదికి 36 అనుకోకండి. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి 42 శాతం దాటుతుంది. ఏ డిపాజిట్ కూడా మీకు అంత ఇవ్వదు. అందుకే సగం డిపాజిట్‌తో కార్డు బాకీ మొత్తం తీర్చేయండి. ముందే తీసినందుకు బ్యాంకు కొంత కోసుకున్నా లాభమే.

ఇప్పుడు అయోడిన్ సంగతి. వైద్యానికి 200, దానివల్ల నెలకు మిగిలేది 5. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 40 నెలలు, అంటే మూడేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. మూడో దశ కిడ్నీ జబ్బున్న పదమూడేళ్ళ పిల్లి విషయంలో ఆ లెక్క మీద డబ్బు పెట్టమని నేను చెప్పలేను. అదే పిల్లికి ఎనిమిదేళ్ళుండి, కిడ్నీలు బాగుంటే ఇంకో మాట చెప్పేవాణ్ణి. చాలా పిల్లులకు ఒక్క డోసుతో నయమయ్యే మంచి వైద్యమది.

డబ్బు లెక్క పక్కన పెట్టినా, వైద్యం లెక్క కూడా అదే చెబుతోంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కిడ్నీలకు రక్తప్రవాహం పెరుగుతుంది. పైగా పిల్లి కండ కరిగి చిక్కిపోతుంది. ఈ రెండింటివల్లా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం) ఉండాల్సినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. థైరాయిడ్ అదుపులోకి రాగానే కిడ్నీల అసలు పరిస్థితి బయటపడుతుంది. మాత్రలైతే డోసు తగ్గించుకోవచ్చు. అయోడిన్ ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. కిడ్నీ జబ్బున్న పిల్లికి ముందు మాత్రలతో చూడమని డాక్టర్లు అనేది అందుకే. అలాగని ఖర్చు తగ్గుతుంది కదా అని మాత్రలు మానేయకండి. అదుపు లేని థైరాయిడ్ గుండెనూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది, బీపీనీ పెంచుతుంది.

మీ 22లో 11 తిండి, మాత్రలు, ఇంట్లో చర్మం కింద ఎక్కించే సెలైన్. పరీక్షలకు 4. మిగిలిన 7 ఏడాదిలో వచ్చిన ఆ రెండు ఆస్పత్రి బిల్లుల నెలసరి సగటు. మొదటి 15 ప్రతినెలా వచ్చేదే కాబట్టి అది అద్దెలాంటిది. జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. ఆ 7ను మాత్రం సగటుగా చూడడమే మీరు చేసిన పొరపాటు. అది నెలనెలా 7గా రాదు, ఆర్నెల్లకోసారి ఒక్కసారిగా 42గా వస్తుంది. కార్డు వడ్డీ ఆగిపోయాక మిగిలే నాలుగున్నర కూడా దానికి కలిపి ఇంకో ఖాతాలో వేస్తే నాలుగు నెలల్లో 46 పోగవుతుంది. ఒక్కసారి ఆస్పత్రిలో చేర్చడానికి సరిపోతుంది. 60 దాకా పెంచి అక్కడ ఆపండి, ఆ తర్వాత డిపాజిట్ నింపుకోండి. ఈలోపే అవసరం పడితే మిగిలిన డిపాజిట్‌లోంచి తీయండి, కార్డు మాత్రం బయటికి తీయొద్దు. మీ నెలవారీ పొదుపు 10ని ముట్టుకోకండి. పిల్లి తర్వాత కూడా మీరు బతకాలి.

ఖర్చు ఎక్కడ తగ్గుతుంది? నేను చూసినంతలో మందుల దగ్గర కన్నా వృథా దగ్గర ఎక్కువ తగ్గుతుంది. థైరాయిడ్ డోసు స్థిరపడే దాకా నెలకు మించి మాత్రలు కొనొద్దు. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తపరీక్ష చేసి డోసు మారుస్తారు. మూడు నెలల స్టాకు చవకని కొంటే అలమరలోనే ఉండిపోతుంది. కిడ్నీ తిండి కూడా అంతే. పెద్ద సంచీ తెస్తే మూడో రోజు ముఖం తిప్పేసుకునే పిల్లులు బోలెడు. ముందు చిన్న ప్యాకెట్ పెట్టి చూడండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మనుషులు వేసుకునేదే. పిల్లులకు తరచూ 0.625 మిల్లీగ్రాములు ఇస్తారు, అంటే రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలో పావు వంతు. మనుషుల మాత్రనే రాసివ్వగలరా అని డాక్టరునడగండి. సొంతంగా మాత్రం ముక్కలు చేయకండి. ముఖ్యంగా కొన్ని థైరాయిడ్ మాత్రలను విరవకూడదు. నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ అసలే వద్దు, అది పిల్లికి విషం.

తగ్గించకూడనిది బీపీ పరీక్ష. పై అంకె 160 దాటి అలాగే ఉండిపోతే కంటి వెనక పొర ఊడి ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. ఒక కొత్త ఖర్చు కూడా పెట్టమంటాను. పసిపిల్లల్ని తూచే త్రాసు కొనండి. వారానికోసారి తూచి కాగితం మీద రాయండి. బరువు వరుసగా తగ్గుతుంటే, ఆస్పత్రిలో చేర్చే దాకా రాకముందే డాక్టరుకు చూపించవచ్చు. మీరు పెట్టే డబ్బులో దీనికంత రాబడి ఇంకెక్కడా ఉండదు.

బీమా గురించి మీరు అడగలేదు. ఈ పిల్లికి ఇప్పుడు తీసుకున్నా ఉన్న మూడు జబ్బులకూ సాధారణంగా వర్తించదు, ప్రీమియం దండగ.

ఇంకొకటి, రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది. ఎక్కడ ఆపాలో మంచి రోజుల్లోనే డాక్టరుతో మాట్లాడి రాసుకోండి. ఎన్ని రోజులు తినకపోతే, ఏడాదిలో ఎన్నిసార్లు చేర్చాల్సి వస్తే ఇక చాలనుకోవాలో. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిలబడి తీసుకునే నిర్ణయం డబ్బుకూ మంచిది కాదు, పిల్లికీ కాదు. చివరి రోజుకయ్యే ఖర్చు ఎంతో కూడా అప్పుడే అడిగి, ఆస్పత్రి కోసం పోగుచేసే ఆ 60లోనే ఉంచండి.

ఈసారి రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు కిడ్నీ, పొటాషియం, థైరాయిడ్ ఒకే శాంపిల్‌లో చూడమనండి. బీపీ, యూరిన్ కూడా అదే రోజు చేయించండి. మూడుసార్లు వెళ్ళే చోట ఒక్కసారితో పోతుంది. బుట్టలో ఆ ప్రయాణం పిల్లికీ తప్పుతుంది.