సర్వే అని వచ్చిన మెసేజీకి కార్డు నంబరు ఇవ్వకు తమ్ముడూ

సందేహం: అన్నయ్యా, హెచ్-1బీ వీసా మీద అమెరికాకు కొత్తగా వచ్చాను. అధ్యక్షుడి పనితీరు నచ్చినవాళ్లు ఒక సర్వేలో 44 శాతం, ఇంకోదాంట్లో 40. ఏది నమ్మాలి? నా ఫోనుకూ సర్వే మెసేజీలు వస్తున్నాయి, జవాబివ్వచ్చా?

జవాబు: ముందు డబ్బు సంగతి. లింకు నొక్కితే నాలుగు ప్రశ్నలడిగి, చివర్లో 25 డాలర్లు, 50 డాలర్లు అని గడులు చూపిస్తే అది ఎన్నికల ప్రచారానికి చందాల వసూలు, సర్వే కాదు. ‘ప్రతి నెలా’ అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉండొచ్చు. గమనించకపోతే కార్డులోంచి నెలనెలా పోతుంది. పైగా గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఇక్కడి ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. ఆ నిబంధన ఫెడరల్ ఎన్నికల కమిషన్ సైట్లో ఉంది, చదువుకో. మేం వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు, పడుతూ లేస్తూ నేర్చుకున్నాం.

అసలైన సర్వేవాళ్లు చందా అడగరు, సోషల్ సెక్యూరిటీ నంబరూ అడగరు. ప్యూ అనే సర్వే సంస్థ ఇళ్ల చిరునామాలను లాటరీ పద్ధతిలో ఎంచి, తన ప్యానెల్లో, అంటే తరచూ ప్రశ్నలడిగే జాబితాలో, చేరమని పోస్టులో ఉత్తరం పంపుతుంది. జవాబిచ్చినందుకు ఎంతోకొంత ఎదురు డబ్బు ఇస్తుంది కూడా. మనంతట మనం వెళ్లి చేరడం కుదరదు.

ఇక 44, 40 గొడవ. ఎవరిని అడిగారో చూడు: పెద్దలందరినా, నమోదైన ఓటర్లనా, ఓటేసే అవకాశం ఎక్కువున్నవాళ్లనా? మొదటి లెక్కలో నువ్వూ ఉండొచ్చు, మిగతా రెండింట్లో ఉండవు. తర్వాత ఎంతమందిని అడిగారో చూడు. వెయ్యిమందిని అడిగితే సుమారు 3 పాయింట్లు అటూఇటూ అవుతుంది. అంటే 44 అన్నది 41 నుంచి 47 దాకా, 40 అన్నది 37 నుంచి 43 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ‘నాలుగు పడిపోయింది’ అనేవాళ్ల మాట వినకు. ఒకే సంస్థ, ఒకే ప్రశ్న, కొన్ని నెలల వరుస చూడు. గాలప్ అనే సర్వే సంస్థ ఏళ్లతరబడి దాదాపు ఒకే ప్రశ్న అడిగింది కాబట్టే 1952 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌కు వచ్చిన 22 శాతాన్ని, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత బుష్‌కు వచ్చిన 90 శాతంతో పోల్చగలుగుతున్నాం.

అడిగినవాళ్లు లక్షల్లో ఉన్నారని మాత్రం మోసపోకు. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు సర్వే చేసిన లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడంది, కానీ అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48లో 46 రాష్ట్రాలు గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా కార్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్లవి, అంటే అందరివీ కావు. వాట్సాప్‌లో తిరిగే ఓటింగులకూ అదే జబ్బు.

ఆదరణ తగ్గిందనగానే వీసా నిబంధనలు మారిపోవు. ఆ అంకె చూసి షేర్లు అమ్మకు. ఇప్పటికే కార్డు నంబరు ఇచ్చేసి ఉంటే, ఇవాళే ఆ ప్రచార కమిటీకి రాసి డబ్బు వాపసు అడుగు, నెలనెలా కోత ఆపమని బ్యాంకుకు ఫోన్ చెయ్యి.