పచ్చళ్ళ సైట్: చూస్తున్నారు గానీ కొనట్లేదా?
చూసేవాళ్ళున్నా మీ పచ్చళ్ళ సైట్‌కి ఆర్డర్లు రావట్లేదని, చాట్‌బాట్ (అడిగినవాటికి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) పెట్టాలా అని అడిగారు కదండీ. ఇప్పుడే వద్దు, డబ్బు దండగ.

ముందు ప్రతి పచ్చడి కిందా వాట్సాప్ బటన్ పెట్టండి. ఆ బటన్ లింక్‌లో మీ ఫోన్ నంబర్ 91తో మొదలవ్వాలి. ప్లస్ గుర్తు, సున్నా పెట్టకూడదు. "అరకిలో గోంగూర కావాలి" అన్న మెసేజ్ ముందే నింపి ఉంచొచ్చు, కొనేవాళ్ళు పంపితే చాలు.

పావుకిలో, అరకిలో ధరల పక్కనే కొరియర్ ఖర్చూ కనిపించాలి. డబ్బు కట్టేటప్పుడు చెబితే ఎవరికైనా చిరాకే. వెల్లుల్లి వేశారో లేదో రాయండి, మా ఇంట్లో మొదటి ప్రశ్న అదే! ఆవకాయ కలిపే చిన్న వీడియో ఒకటి పెట్టండి, అదీ నొక్కితేనే మోగాలి. పేజీ త్వరగా తెరుచుకునేలా ఫొటోల ఫైల్ సైజు తగ్గించండి. పేజీ అడుగున ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన 14 అంకెల నంబర్ వేయడం మర్చిపోకండి.