ఇసుకతో ఆడిస్తే బాధ తీరుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో ఉన్నాయి. పిల్లల మనసు బాగోలేదు, ఏదో స్వచ్ఛంద సంస్థ సాయం చేస్తానంటోంది, నమ్మొచ్చా అని. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. ఇలాంటి సంస్థల్లో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి కొంచెం చనువుగానే చెబుతాను.

*

ప్రశ్న: మా అమ్మాయి పోయి ఏడాది దాటింది. అల్లుడు పని కోసం వేరే ఊరెళ్లాడు, ఎప్పుడో ఫోన్ చేస్తాడు. ఎనిమిదేళ్ల మనవడు నా దగ్గరే ఉన్నాడు. ఈమధ్య మళ్లీ పక్క తడుపుతున్నాడు, బళ్లో పిల్లల్ని కొడుతున్నాడు. టీచరమ్మ చెబితే ఒక సంస్థ నుంచి ఒకమ్మాయి వస్తోంది. వారానికోసారి వచ్చి గంటసేపు వాడితో ఇసుకలో బొమ్మలాట ఆడి వెళ్లిపోతుంది. మందూ లేదు, మంచీ చెడూ చెప్పడమూ లేదు. పైగా నాకు నిద్ర పడుతోందా, ఇల్లెలా గడుస్తోంది అని నన్ను అడిగి రాసుకుంటుంది. ముసలిదాని వల్ల కాదని రాసి, వాణ్ని తీసుకెళ్లిపోతారేమోనని భయం. రానివ్వాలా, వద్దా? (పక్కింటి పిల్ల చేత రాయిస్తున్నాను.)

జవాబు: రానివ్వండి పెద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేశాను కాబట్టి, ఇక మీ అనుమానాల సంగతి తీరిగ్గా చూద్దాం.

ఎనిమిదేళ్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మ గుర్తొస్తోందా నాన్నా" అని అడిగితే ఏమంటాడు? లేదంటాడు. లేదా కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుంటాడు. పెద్దవాళ్లకే నోరు పెగలని సంగతి అది. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు 1928లో లండన్‌లో పిల్లల కోసం ఒక క్లినిక్ తెరిచి, అక్కడ ఇసుక తొట్టె, నీళ్లు, చిన్న చిన్న బొమ్మలు పెట్టింది. ఇలా ఆడమని ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఇసుకలో బొమ్మలు పేర్చి తమ లోకాలు తాము కట్టుకోవడం మొదలుపెట్టారు. అలా వాళ్లను చూసి నేర్చుకున్న పద్ధతే ఇవాళ మీ ఇంటిదాకా వచ్చింది.

నేను పనిచేసిన చోట ఒక పిల్లవాడు ఉండేవాడు. వచ్చినప్పుడల్లా ఒక ఆడబొమ్మను ఇసుకలో పాతి, పైన అరచేత్తో గట్టిగా చదును చేసి, పక్కన కుక్కబొమ్మను కాపలా పెట్టేవాడు. అది మీ అమ్మా అని మాలో ఎవరూ అడగలేదు. కుక్క అక్కడ ఎంతసేపుంటుందని మాత్రం అడిగాం. "అమ్మ లేచేదాకా" అన్నాడు. అమ్మ నిద్రపోతోందని ఇంట్లో చెప్పారట! చావంటే తిరిగి లేవకపోవడమని వాడికి ఎవరూ చెప్పలేదు. రాత్రుళ్లు పడుకోనని ఎందుకు మొండికేస్తున్నాడో మాకు అప్పుడు అర్థమైంది. నిద్రపోతే ఏమవుతుందో వాడు కళ్లారా చూశాడు మరి. వాళ్ల నాన్నతో కూర్చుని ఏ మాటల్లో చెప్పాలో అనుకున్నాం, ఆయనే చెప్పాడు. వాడు ఏడ్చాడు, కోపగించుకున్నాడు, అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాడు. కొన్నాళ్లకు ఆ కుక్కకు కాపలా డ్యూటీ తప్పి, తొట్టెలో వేరేచోట పరుగులు పెట్టడం మొదలైంది.

మీ మనవడికి అమ్మ గురించి ఏమని చెప్పారో మీ ఉత్తరంలో లేదు. ఊరెళ్లిందనో నిద్రపోయిందనో చెప్పి ఉంటే ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పండి. సరైన మాట మీ నోటివెంట వచ్చేలా ఆమే సాయం చేస్తుంది.

పక్క తడపడం గురించి రెండు మాటలు. మానేసిన పిల్లలు మళ్లీ మొదలుపెట్టారంటే, బెంగ ఒక కారణం కావచ్చు. వాడు కావాలని చేసే పని కాదు కాబట్టి తిట్టొద్దు, నలుగురిలో అనొద్దు. అయితే అంతా మనసు మీదికే నెట్టేయకుండా ఒకసారి పిల్లల డాక్టరుకు కూడా చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగరు కూడా ఇలాగే బయటపడతాయి. మామూలుకంటే ఎక్కువ నీళ్లు తాగుతూ, చిక్కిపోతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఇక మిమ్మల్ని అడగడం. వారానికి 168 గంటలు. వాటిలో ఒకటే ఆ అమ్మాయిది. మిగతావి మీవీ బడివీ. ఆ గంటలు బాగుండాలంటే మీరు బాగుండాలి. వాడికి అమ్మ పోయింది, మీకు కూతురు పోయింది. వాడి గోలలో పడి మీ ఏడుపు మీరు ఏడ్చారో లేదో! "మీకు నిద్ర పడుతోందా" అని మిమ్మల్ని అడిగిన మనిషి ఈ ఏడాదిలో ఇంకెవరైనా ఉన్నారా? ఆ ప్రశ్నకు నిజమే చెప్పండి. మనసు దెబ్బతిన్న పిల్లల కోసం బాగా పరీక్షించి వాడుతున్న పద్ధతుల్లో చాలావాటిలో పెంచేవాళ్లకు కూడా సగం వాటా ఉంటుంది. పిల్లాడితో కొంతసేపు, పెద్దవాళ్లతో కొంతసేపు, చివర్లో ఇద్దర్నీ కలిపి. పిల్లాణ్ని మాత్రమే "బాగుచేసి" ఇస్తామనే సంస్థలంటేనే నాకు అనుమానం.

ఆమె రాసుకునేది బహుశా ఒక ప్రశ్నల పట్టిక. రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు 1997లో తయారుచేసిన 25 వాక్యాల పట్టిక చాలాచోట్ల వాడుకలో ఉంది. తోటి పిల్లలతో ఎలా ఉంటాడు, కుదురుగా కూర్చుంటాడా, భయాలున్నాయా, ఇతరుల బాధ పట్టించుకుంటాడా, ఇలాంటివి. కొన్ని నెలలకు మళ్లీ అవే అడిగి, మార్పు వచ్చిందో లేదో చూస్తారు. అది మీకు మార్కులు వేసే పరీక్ష కాదు. చూపించమని అడగండి, చదివి వినిపించమనండి. ఆ హక్కు మీకుంది.

తీసుకెళ్లిపోతారేమోనన్న భయం దగ్గరికి వద్దాం, అసలు గుబులు అదే కదా. మామూలుగా పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేసే అధికారం ఇలాంటి సంస్థలకు ఉండదు. అది కోర్టుదో, ప్రభుత్వ శిశు సంక్షేమ వ్యవస్థదో. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయకూడదని, ఆ ఇంటికి సాయం అవసరమన్న గుర్తుగా దాన్ని చూడాలని చెబుతున్నాయి. వయసు పైబడటం, చేతిలో డబ్బు లేకపోవడం తప్పులు కావు. కాకపోతే, పిల్లాడికి ఎవరివల్లనైనా హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం వాళ్లు పైకి చెప్పి తీరాలి. ఈ సంగతి మొదటిరోజే మీకు విడమరిచి చెప్పాల్సింది. చెప్పలేదేమో. ఈసారి వచ్చినప్పుడు మీరే అడగండి: "అమ్మాయ్, నువ్వు రాసింది ఎవరెవరు చూస్తారు? ఎప్పుడు, ఎవరికి చెబుతావు?" పని తెలిసిన మనిషైతే నీళ్లు నమలకుండా జవాబిస్తుంది.

ఇంకొకటి కూడా అడగండి, ఇది చాలా ముఖ్యం. ఎన్నాళ్లు వస్తుంది, మానేసే ముందు వాడికి ఎలా చెబుతుంది? ప్రాజెక్టు అయిపోయిందనో, నిధులు ఆగాయనో ఉన్నట్టుండి రావడం మానేసే సంస్థలను చూశాను. తల్లి పోయిన పిల్లాడికి అది ఇంకొక మనిషి మాయం కావడమే. ఆఖరి రోజు ఎప్పుడో వారాల ముందే చెప్పి, క్యాలెండరులో వాడి చేతే గుర్తు పెట్టించి, వీడ్కోలు చెప్పి వెళ్లాలి.

అల్లుడిగారి ఫోను కూడా "ఎప్పుడో" కాకుండా ఫలానా రోజు, ఫలానా వేళ అని ఖాయం చేయండి. రెండు నిమిషాలైనా చాలు.

*

ప్రశ్న: ఉద్యోగం పోయింది, భార్య జబ్బుతో మంచాన ఉంది. ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. ఒక సంస్థ హోంలో చేరిస్తే తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారట, కౌన్సెలర్ కూడా ఉన్నాడట. మా అన్నయ్య "చేర్చెయ్, వాళ్లయినా బాగుపడతారు" అంటున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

జవాబు: తమ్ముడూ, ఆ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకు.

ముఖ్యంగా బాబు విషయంలో. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఒక అధ్యయనం ఉంది. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీలు తీసినట్టు విభజించి, సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లకు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధం ఏర్పడటంలోనూ మెరుగు కనిపించింది. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకైతే ఇంకా ఎక్కువ. అందరు పిల్లలకు కొద్దిమంది ఆయాలు, వాళ్లూ షిఫ్టులవారీగా మారిపోతుంటే, ఎంత శుభ్రమైన చోటైనా పసివాడికి "నా మనిషి" అంటూ ఎవరూ మిగలరు. అన్ని హోంలూ అప్పటి రొమేనియా ఆశ్రమాల్లా ఉంటాయని నేననను. కానీ రెండేళ్లవాడికి కావలసింది మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఆ సంస్థవాళ్లను సూటిగా అడుగు: "ఇద్దరు పిల్లల మీద మీరు పెట్టబోయే ఖర్చులో కొంత మా ఇంటికే సాయంగా ఇవ్వగలరా? పగటిపూట బాబును చూసుకునే ఏర్పాటు, నా భార్య వైద్యం, నాకు పని దొరికేదాకా అద్దె?" అలాంటి సేవలున్న సంస్థలు ఉన్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో 1974లో హోంబిల్డర్స్ అని ఒక కార్యక్రమం మొదలైంది. ఒక్కో కార్యకర్తకు ఒకేసారి రెండు కుటుంబాలే. నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఇంటికే వస్తారు, అర్ధరాత్రి పిలిచినా పలుకుతారు. మనసు విప్పి మాట్లాడించడంతోపాటు ఇంట్లోకి సరుకులు, అద్దె గొడవలు, ఆఫీసుల చుట్టూ తిరగడం, అన్నీ వాళ్ల పనే. పొయ్యి వెలగని ఇంట్లో కౌన్సెలింగ్ ఎవరికి ఎక్కుతుంది?

ఇక మీ అన్నయ్య. న్యూజిలాండ్‌లో 1989లో తెచ్చిన చట్టం ప్రకారం, పిల్లల విషయంలో నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ముందు బంధువులందర్నీ సమావేశపరుస్తారు. అధికారులు వివరాలు చెప్పి గది బయటికి వెళ్లిపోతారు. లోపల కుటుంబమే మాట్లాడుకుని ఒక దారి చూసుకుంటుంది. నువ్వూ అలా అందర్నీ ఒకచోట కూర్చోబెట్టు. "చేర్చెయ్" అన్న అన్నయ్యను, వారంలో ఏ రెండు సాయంత్రాలు పిల్లల్ని చూసుకోగలవని అడుగు. సలహా ఇవ్వడానికి ముందుకొచ్చినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర కొంచెం తడబడతారు. ఫరవాలేదు, అడుగు.

ఇవేవీ కుదరక పంపక తప్పకపోతే, మూడు సంగతులు రాతలో ఉండాలి. అక్కనూ తమ్ముణ్నీ విడదీయకూడదు. నువ్వు ఏయే రోజుల్లో వెళ్లి చూడొచ్చో ఉండాలి. ఎప్పటికి ఇంటికి తిరిగి పంపుతారో, దానికోసం వాళ్లేం చేస్తారో ఉండాలి. తిరిగి పంపే మాట ఎత్తగానే ముఖం చిట్లించేచోట మాత్రం పిల్లల్ని వదలొద్దు.

*

ప్రశ్న: నేను టీచర్ని. ఐదో తరగతి పాప ఒకతె "మీకొకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టండి" అంది. పెట్టాలా?

జవాబు: పెట్టకండి టీచర్‌గారూ. నిలబెట్టుకోలేని ఒట్టు అది. "నీకు హాని కలిగే విషయమైతే, నిన్ను కాపాడగలిగే ఒకరిద్దరికి చెబుతాను. ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతాను" అనండి. చాలామంది పిల్లలు ఆ తర్వాత కూడా చెబుతారు. చెప్పాక గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఎవరు కొట్టారు, నాన్నేనా" అనకూడదు, "ఏం జరిగింది" అని అడిగి ఊరుకోండి. ఆమె అన్న మాటలను అన్నట్టే, మీ భాషలోకి మార్చకుండా, అదేరోజు రాసి పెట్టుకోండి. మీకు అందుబాటులో ఉన్న బాలల రక్షణ అధికారికో, హెల్ప్‌లైన్‌కో వెంటనే తెలియజేయండి. నిజమో కాదో తేల్చడం మీ పని కాదు. ఇంట్లోవాళ్లను పిలిచి ముఖాముఖి పెట్టే పొరపాటు మాత్రం అస్సలు చేయకండి, ఆ రాత్రి ఆ పాప వెళ్లాల్సింది ఆ ఇంటికే.

*

ప్రశ్న: రెండు సంస్థలకు చందా ఇస్తున్నాను. ఒకటి ప్రతి మూడు నెలలకూ ఒక పాప ఫోటో, ఆమె పడ్డ కష్టాల కథ పంపుతుంది. రెండోది ఒట్టి లెక్కలు పంపుతుంది. మొదటిదే బాగా పనిచేస్తున్నట్టుంది కదా?

జవాబు: మొదటిది ఉత్తరాలు బాగా రాస్తోంది, అంతవరకే తెలుస్తుంది. ఆ పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చాక, తన తండ్రి తాగుడు సంగతి ముఖంతో సహా ఎవరెవరి ఇళ్లలో ఉందో తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండోవాళ్లకు ఒక ఉత్తరం రాసి, సగటున ఒక కార్యకర్త ఎన్ని కుటుంబాలను చూస్తున్నారు, ఎంతకాలం ఉద్యోగంలో ఉంటున్నారు, కార్యకర్తల మనసు భారమైతే చెప్పుకోవడానికి పైన ఒక అనుభవజ్ఞులున్నారా అని అడగండి. జవాబులు బాగుంటే చందా పెంచండి. జీతాలకు ఇంత ఖర్చా అని మాత్రం అనకండి. ఈ పనిలో మనుషులే సరుకు.

*

ప్రశ్న: సెలవుల్లో రెండు వారాలు ఏదైనా హోంకు వెళ్లి పిల్లలతో ఆడుకుందామనుకుంటున్నాను. మంచి పనేనా?

జవాబు: మీ మనసు మంచిదే బాబూ, ఏర్పాటు మంచిది కాదు. వచ్చి, దగ్గరై, వెళ్లిపోయేవాళ్లను ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. కొత్తవాళ్లు కనబడగానే పరిగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చునే పిల్లల్ని చూసి, ఎంత ప్రేమో అని మురిసిపోకండి. పరాయివాళ్లెవరో తనవాళ్లెవరో తేడా తెలియకుండా పెరగడం వల్ల కూడా అలా జరుగుతుంది. రెండు వారాలే ఉంటే లెక్కల పుస్తకాలు సరిచేయండి, దరఖాస్తులు నింపిపెట్టండి, ఆసుపత్రికి వెళ్లాల్సిన తల్లులకు తోడు వెళ్లండి. పిల్లలతోనే ఉండాలనుకుంటే వారానికి ఒక్క గంట చాలు, కనీసం ఏడాదిపాటు అదే రోజు, అదే వేళకు వెళ్లాలి. చేరేముందు మీ పూర్వాపరాలు విచారిస్తామంటే నొచ్చుకోకండి. ఏమీ అడక్కుండా తిన్నగా పిల్లల గదిలోకి పంపించారంటే వెనక్కి వచ్చేసి, ఆ సంగతి బాలల రక్షణ అధికారులకు తెలియజేయండి.