పన్ను రాని చోట దవడలో నీటి తిత్తి: లోపలి పన్ను పీకేయాల్సిందేనా?

పాలకొల్లు దగ్గర ఊరి నుంచి అడిగారు: 11 ఏళ్ల బాబుకి కింది దవడ కుడివైపు వాపు, పుచ్చిన పాలపన్ను ఊడలేదు, ఆర్‌ఎంపీ మందులకి రెండుసార్లు తగ్గి మళ్లీ వచ్చింది. ఓపీజీలో (దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే) డెంటిజెరస్ సిస్ట్, అంటే రాని పన్ను తల చుట్టూ ఏర్పడే నీటి తిత్తి, అన్నారు. లోపలున్న ప్రీమోలార్ (ఆ పాలపన్ను స్థానంలో రావాల్సిన చిన్న దవడపన్ను) కూడా పీకాలా అని.

ఆ వయసులో చాలామందికి పీకక్కర్లేదండీ. యాంటీబయాటిక్ చీముని తగ్గిస్తుందే గానీ తిత్తిని పోగొట్టదు, అందుకే వాపు తిరిగొచ్చింది.

ముందు ఫిల్ము సంగతి. రాని పన్ను తల చుట్టూ 2-3 మిల్లీమీటర్ల నల్లటి అంచు మామూలే. 5 దాటితే అనుమానించాలి. తిత్తి పన్ను మెడ దగ్గర పట్టుకుని ఉంటే డెంటిజెరస్ లక్షణమే, కానీ కెరటోసిస్ట్ (మరో రకం తిత్తి), అమెలోబ్లాస్టోమా (దవడలో కణితి) కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే ఉంటాయి. సూదితో లాగితే గడ్డిరంగు నీరు రావాలి. తెల్లగా చిక్కగా వస్తే కెరటోసిస్ట్ కావచ్చు, ఏమీ రాకపోతే గట్టి కణితి కావచ్చు. ఏది వచ్చినా తిత్తి గోడ ముక్క బయాప్సీకి పంపించాల్సిందే. పంపిస్తున్నారో లేదో నోరు విప్పి అడగండి.

బాబుకి సరిపడేది డీకంప్రెషన్. మత్తు ఇచ్చి పాలపన్ను పీకి, ఆ గుంతలోంచే తిత్తికి కిటికీ తెరుస్తారు. మూసుకోకుండా అక్రిలిక్ బిరడా గానీ ట్యూబు గానీ పెడతారు. లోపలి నీటి ఒత్తిడి వల్లే తిత్తి పెరుగుతుంది; అది పోతే వరద తీశాక లంకలో మేట వేసినట్టు అంచుల నుంచి ఎముక పూడుతుంది. వేరు ఇంకా పూర్తికాని పన్ను చాలాసార్లు తనంతట తానే పైకొస్తుంది. కొన్ని నెలలు చూసినా కదలకపోతే బ్రాకెట్ అతికించి లాగుతారు. పైగా పెదవికెళ్లే నరం బయటికొచ్చేది ఆ పళ్ల కిందే. తిత్తంతా గీరితే తిమ్మిరి పట్టే ప్రమాదముంది.

చెడేదల్లా ఇంటి దగ్గరే. తిన్నాక, పడుకునే ముందు మొనలేని సిరంజితో సెలైన్ కొట్టి కడగాలి, బయటికొచ్చే నీరు తేటపడేదాకా. వాపు దిగిందని మానేస్తారు, మెతుకులు కుళ్లి చీము పడుతుంది. బిరడా రాత్రిళ్లు తీసి పక్కన పెడతారు, కిటికీ ముడుచుకుపోయి తిత్తి మళ్లీ నిండుతుంది. దవడ పల్చబడి ఉంటుంది కాబట్టి తేగలు, చెరకు, జంతికలు బంద్. మజ్జిగన్నం, ఇడ్లీ పెట్టండి. ఆరు నెలలకి మళ్లీ ఓపీజీ.

పెద్దవాళ్లకి జ్ఞానదంతం దగ్గర ఇది తేలితే లెక్క వేరు: సాధారణంగా పన్నుతో సహా తీసేస్తారు, తిత్తి నరాన్ని ఆనుకుని కనిపిస్తే ముందు సీబీసీటీ (దవడ త్రీడీ స్కాన్) తీయించుకోవాలి.