‘వర్క్‌డ్’ అనాలా, ‘వర్కెడ్’ అనాలా? ఈడీతో ముగిసే ఇంగ్లిష్ మాటలు ఎలా పలకాలి?

రెండూ కాదండీ, ‘వర్క్‌ట్’ అనాలి. రాసేది డి అయినా చివర పలికేది ట్. కాలేజీలో నాకెవరూ ఇది చెప్పలేదు. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేరాక, వాయిస్ ట్రైనింగ్‌లో తెలిసింది.

ట్రైనర్ గొంతు మీద వేళ్లు పెట్టుకోమనేవారు. ఈడీ చేర్చకముందు మాట చివరి శబ్దానికి గొంతు అదిరితే డ్, అదరకపోతే ట్. మాలో సగం మందికి ఏది అదురుతుందో తేలలేదు. పక్కనున్న కడప అమ్మాయి ‘ఇవి మన పరుషాలు, సరళాలే కదా’ అనేసరికి పని సులువైంది. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. పరుషం తర్వాత ట్: స్టాప్ట్, వాచ్ట్. స, ష, ఫ కూడా ఆ జట్టే: పాస్ట్, వాష్ట్, లాఫ్ట్. సరళం తర్వాత డ్: రాబ్డ్, బెగ్డ్. అచ్చులు, మ, న, ల, వ లాంటివి కూడా అదిరేవే కాబట్టి ప్లేడ్, కాల్డ్, లివ్డ్.

మాట ట్‌తోనో డ్‌తోనో ముగిస్తేనే అదనంగా ‘ఇడ్’ వస్తుంది: వాంటిడ్, నీడిడ్. నేకిడ్, వికిడ్ లాంటి విశేషణాలు దీనికి లొంగవు, గుర్తుపెట్టుకోవడమే. ఎస్‌తో ముగిసేవాటికీ దాదాపు ఇదే లెక్క: బుక్స్, డాగ్జ్, బసిజ్.

రూల్ తెలిసినా నోరు తిరగదు, అదీ అసలు చిక్కు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసుకున్నవాళ్లం. అందుకే ‘వర్క్‌టు’ అని ఉకారమైనా తగిలిస్తాం, లేదా ట్‌ను మింగేస్తాం. నన్నడిగితే మింగడమే ఎక్కువ ప్రమాదం. మా టీమ్‌లో ఒకబ్బాయి ‘ఐ చెక్ట్ యువర్ ఆర్డర్’ అంటే అమెరికా కస్టమర్లకు ‘ఐ చెక్’ అని వినిపించేది. ‘చూశావా, ఇంకా చూడాలా?’ అని విసుక్కునేవారు.

దీనికి నాకు పనికొచ్చిన ఉపాయం సంధి. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ట్‌ను దానికి అంటించేయండి: ‘వర్క్‌ట్ ఇన్’ను ‘వర్క్‌టిన్’ అనండి. ఇంగ్లిష్ వాళ్లూ అలాగే కలిపేస్తారు. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అవడం మనకు అలవాటే కదా! తర్వాత హల్లు వస్తే మరీ నొక్కి పలకక్కర్లేదు, వేగంగా మాట్లాడేటప్పుడు వాళ్లకూ అక్కడ ట్ పలుచబడుతుంది.

యాక్సెంట్ గురించి టెన్షన్ పడకండి, అది వేరే సంగతి. ముందు నిన్న ఏమేం చేశారో ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. జరిగిపోయిన పనులు కాబట్టి ఈడీ మాటలు వాటంతటవే వచ్చిపడతాయి, ఎక్కడ మింగుతున్నారో మీకే వినిపిస్తుంది.