వాన లెక్కలతో గణితం: చెన్నై పంతులమ్మకు ఒక ఉత్తరం

చి. సుధకు ఆశీస్సులు.

వాన, చెరువుల లెక్కలతో గణితం చెప్పాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. ఈశాన్య రుతుపవనాలు దిగేలోపే మొదలుపెట్టు. చెన్నైలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది.

పిల్లలకు ముందే తయారైన పట్టిక ఇవ్వకు. ముందు వాళ్ల చేత కొలిపించు. నిలువు గోడలున్న 5 సెం.మీ. లోవ్యాసం సీసా, 10 సెం.మీ. మూతి గరాటు చాలు. చుట్టూ ఇటుకలు పేర్చి ఆరుబయట పెట్టించు. గరాటు అంచు నేలకు ఒక అడుగు ఎత్తులో ఉంటే చిందిన నీళ్లు లోపల పడవు. గోడ గానీ చెట్టు గానీ ఎంత ఎత్తుందో, కనీసం అంతకు రెట్టింపు దూరం ఉండాలి.

అసలు పాఠం ఆ గరాటులోనే ఉంది. 1 మి.మీ. వాన పడితే సీసాలో నీరు ఎంత లేస్తుందని అడుగు. వ్యాసం రెట్టింపు కాబట్టి 2 మి.మీ. అని తడుముకోకుండా చెబుతారు. వెంటనే దిద్దవద్దు. గ్రాఫ్ కాగితం మీద రెండు వృత్తాలూ గీయించి, అర సెంటీమీటరు భుజం ఉన్న గళ్లు లెక్కపెట్టించు. సగానికి మించిన గడిని ఒకటిగా తీసుకోమను. పెద్దదానిలో 315 దగ్గర, చిన్నదానిలో 80 దగ్గర వస్తాయి. అంటే నాలుగు రెట్లు. అప్పుడు సీసా మీద 4 మి.మీ.కి ఒక గీత వాళ్లే గీస్తారు. సూత్రం ఆ తర్వాత చెప్పు.

రీడింగ్ రోజూ ఉదయం 8.30కే తీయాలి. వాతావరణ శాఖ కూడా ఆ వేళకే తీస్తుంది కాబట్టి చెన్నైలోని దాని నుంగంబాక్కం, మీనంబాక్కం కేంద్రాల అంకెలతో పోల్చుకోవచ్చు. మంగళవారం సాయంత్రం పడ్డ వాన బుధవారం లెక్కలోకి వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే గ్రాఫ్ ఒకరోజు పక్కకు జరిగి, మన సీసా తప్పనుకుంటారు.

ఆదివారం కొలవకపోతే ఆ గడిలో సున్నా వేయనివ్వకు, అడ్డగీత పెట్టించు. సోమవారం అంకె పక్కన ‘రెండు రోజులది’ అని రాయించు. సున్నా వేస్తే మొత్తం సరిగ్గానే ఉంటుంది గానీ, వాన రోజుల సంఖ్యా, ఒక్కరోజు గరిష్ఠ వానా తప్పుతాయి. 2.5 మి.మీ. గానీ అంతకు మించి గానీ పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజు అంటుంది.

సగటు చెప్పేటప్పుడు ఇలాంటి పది రోజులు తీసుకో: 0, 0, 0, 2, 0, 0, 14, 96, 8, 0. అంకగణిత సగటు 12, మధ్యగతం (వరుసగా పేరిస్తే నడిమి విలువ) సున్నా. ‘రోజుకు 12 మి.మీ. పడింది’ అనొచ్చా అని అడిగి, వాదించుకోనివ్వు. ఆ పీరియడ్‌లో ఇంకేమీ పెట్టుకోకు.

చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన అంటే లీటరు నీళ్లు. 200 చదరపు మీటర్ల డాబా మీద 45 మి.మీ. పడితే 9,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకర్ లారీ. 45 మి.మీ.ని 0.45 మీటర్లని రాసేవాళ్లకు పది లారీలు వస్తాయి. ఆ తప్పు వాళ్లకే కనబడుతుంది.

పదో తరగతికి చెన్నైకి తాగునీరిచ్చే చెంబరంబాక్కం చెరువు ఇవ్వు. నిండు లోతు 24 అడుగులు, నిల్వ 3,645 మిలియన్ ఘనపుటడుగులు. మిలియన్ ఘనపుటడుగులంటే సుమారు 2.83 కోట్ల లీటర్లు. 12 అడుగులుంటే సగం నీళ్లా? తలకిందుల శంకువులో సగం ఎత్తుకు ఎనిమిదో వంతే పడుతుంది. చెరువు శంకువు కాదు, డబ్బా కూడా కాదు. నగర నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ రోజూ ఇచ్చే నీటిమట్టం, నిల్వ అంకెలను కొన్ని వారాలు గ్రాఫ్ మీద పెట్టిస్తే గీత వంగడం కనిపిస్తుంది. 2015 డిసెంబరు వరదల నాటి అంకెలు తీస్తే మాత్రం కాస్త నెమ్మదిగా మాట్లాడు, ఇల్లు మునిగిన కుటుంబాల పిల్లలూ క్లాసులో ఉంటారు.

నగరానికి నీళ్లిచ్చే మరో జలాశయం పూండిలో ఒక్కోసారి చుక్క వాన లేకుండానే మట్టం పెరుగుతుంది. దాన్ని తప్పు అంకె అని కొట్టేయనివ్వకు. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి తెలుగుగంగ కాలువలో కృష్ణా నీళ్లు వచ్చి చేరేది అక్కడికే. మెట్రోవాటర్ అంకెల్లో ఆ రోజు ‘వచ్చిన నీరు’ అనే గడి చూసి రమ్మను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న